ఏడో డెస్క్‌తో సెషన్

"మా వైపు అంతా కరెక్టే. మీ వైపే ఏదో తప్పుంది, ఒకసారి చూసుకోండి."

ఫోన్లో అవతలి గొంతు ఆ మాట అనడం ఆ ఉదయం అది మూడోసారి. మొదటిసారి ఆమె ఓపిగ్గా విన్నది. రెండోసారి పళ్ళు బిగబట్టి విన్నది. మూడోసారికి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏవండీ, మా వైపూ అంతా కరెక్టే. ఇద్దరం కరెక్టయితే ఆ సెషన్ ఎందుకు లేవట్లేదంటారు? దానికి బద్ధకమా?"

అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత ఆవేశం లేని, తడబాటు లేని, ఇస్త్రీ చేసిన చొక్కాలాంటి గొంతు వినిపించింది.

"ఒక్క నిమిషం. లాగ్ చూసి చెప్తాను."

"రెండు రోజుల్నుంచీ చూస్తూనే ఉన్నారు కదా! రౌటర్ రాసుకునే ఆ చిట్టా ఈపాటికి మీకు కంఠతా వచ్చేసి ఉండాలి."

ఆమెకి అంత కోపం రావడానికి కారణం ఉంది. వాళ్ళ నాన్న పాతికేళ్ళ క్రితం భుజాన నిచ్చెన వేసుకుని ఊళ్ళో ఇంటింటికీ కేబుల్ టీవీ తీగలు లాగాడు. అందుకే ఆయన్ని అందరూ నిచ్చెన మాస్టారు అంటారు. టీవీ తీగలు పోయి ఫైబర్ వచ్చాక, కూతురు నెట్‌వర్క్ ఇంజనీరింగ్ చదివి వచ్చి ఆయన వ్యాపారాన్ని చిన్న ఇంటర్నెట్ కంపెనీగా మార్చింది. ఇప్పుడు నాలుగు వేల ఇళ్ళకీ, రెండు ఆసుపత్రులకీ, ఒక కాలేజీకీ ఇంటర్నెట్ ఆ మేడమీది చిన్న గదిలోంచే వెళ్తోంది.

కానీ ఆ గదిలోంచి బయటి ప్రపంచానికి ఉన్నది ఒకటే లింక్. రోడ్డు వెడల్పు చేసే యంత్రం నెలకి రెండుసార్లయినా దాన్ని తెంపుతుంది. తెగినప్పుడల్లా ఊరు ఊరంతా మూగబోతుంది. ఇంకో మూడు వారాల్లో కాలేజీలో ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష. ఆరువందల నలభై మంది పిల్లలు రాయాలి.

"రెండో లింక్ ఉంటేనే సెంటర్ మనకి ఇస్తారట," అని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు. "లేకపోతే మన పిల్లలు నూట యాభై కిలోమీటర్లు వెళ్ళి రాయాలి. ఆడపిల్లల్ని సగం మందిని ఇంట్లోవాళ్ళు పంపరమ్మా, నాకు తెలుసు."

అందుకని ఆమె మరో ట్రాన్సిట్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మన ఊరి ఇంటర్నెట్‌ని ప్రపంచంలో మిగతా అందరి దగ్గరకీ చేర్చే పెద్ద కంపెనీలవి. తీగ వేశారు, లైట్లు వెలిగాయి. మిగిలింది సెషన్ ఒక్కటే. అంటే ఈ రౌటరూ ఆ రౌటరూ చేయి కలిపి, 'నా దగ్గరకి రావాలంటే ఇలా రండి' అని దారులు చెప్పుకోవడం. ఆ చేయి కలవడమే రెండు రోజులుగా జరగట్లేదు.

నిచ్చెన మాస్టారు స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. "స్టేటస్ యాక్టివ్ అనే ఉందిగా అమ్మలూ! యాక్టివ్ అంటే మంచిదేగా?"

"ఇక్కడ కాదు నాన్నా. యాక్టివ్ అంటే ఇంకా తలుపు కొడుతూనే ఉందని. లోపలివాళ్ళు తియ్యట్లేదని."

"మరి గట్టిగా కొట్టమను."

ఆమె నవ్వు ఆపుకుని ఫోన్ మళ్ళీ చెవికి ఆనించుకుంది. "హలో, ఏడో డెస్క్ గారూ, ఉన్నారా?" ఆ కంపెనీ నుంచి వచ్చే ఈమెయిల్ ఉత్తరాలన్నిటి కిందా 'ట్రాన్సిట్ డెస్క్ 7' అనే ఉండేది. "నాకు పాస్‌వర్డ్ మీరు ఫోన్లోనే చెప్పారు కదా? ఇంకోసారి చదవండి. మీ రౌటర్లో ఉన్నది చూసి, అక్షరం అక్షరం."

అతను చదివాడు. ఆమె ఒక్కొక్క అక్షరానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. ఆరో అక్షరం దగ్గర అతను, "తర్వాత సున్నా..." అన్నాడు.

"ఏంటీ?"

"సున్నా."

"మొన్న ఓ అన్నారు."

"లేదండీ, నేను..." అని ఆగిపోయాడు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "నేను రాసుకున్న కాగితంలో సున్నా ఓ లాగే ఉంది. మీకు ఓ అనే చెప్పి ఉంటాను."

ఆమె ఆ ఒక్క అక్షరం మార్చింది. రెండు సెకన్లు. మూడు. యాక్టివ్ అన్న మాట పోయి, ఎస్టాబ్లిష్డ్ అన్న మాట వచ్చింది. చేయి కలిసింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు.

ఫోన్ పెట్టేశాక పావుగంటకి ఒక ఉత్తరం వచ్చింది. అతని పై అధికారి దగ్గర్నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ దాకా అందరికీ కాపీ ఉంది. 'రెండు రోజుల ఆలస్యానికి కారణం నేనే. పాస్‌వర్డ్ తప్పు చెప్పి, తప్పు వారిదని మూడుసార్లు వాదించాను. క్షమించాలి.'

ఆమె ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ఆ రంగంలో తప్పు తనదని పదిమందికీ కాపీ పెట్టి ఒప్పుకున్న మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు. మూడోసారి చదవబోతూ, నాన్న చూస్తున్నాడని కిటికీ మూసేసింది. కంప్యూటర్లో కిటికీ.

*

రెండు రోజుల తర్వాత ఆమె తన నెట్‌వర్క్ దారుల్ని ఆ సెషన్ మీద మొదటిసారి ప్రకటించింది. సరిగ్గా నలభై సెకన్లకి సెషన్ ఢామ్మని పడిపోయింది.

ఆమె ఫోన్ అందుకుంది. "మా సెషన్ ఎందుకు కట్ చేశారు?"

"నేను చెయ్యలేదండీ. మా రౌటరే భయపడి తలుపేసుకుంది."

"ఏం చూసి భయపడింది?"

"మిమ్మల్నే." అతని గొంతులో ఏదో కదలిక. నవ్వేమో, పక్కాగా చెప్పలేం. "మీవి నాలుగు అడ్రసుల బ్లాకులు, అంటే నాలుగు దారులు చెప్తామని ఫారంలో రాశారు."

"అవును. నాలుగే."

"తొమ్మిది లక్షల పైచిలుకు చెప్పారు."

"ఏంటీ?"

"ఈ భూమ్మీద ఎవరి దగ్గరకి వెళ్ళాలన్నా మీ మేడమీంచే వెళ్ళమని చెప్పారు. మా హద్దు పది. పది దాటగానే మా వాడు దణ్ణం పెట్టేశాడు. లేకపోతే ఈపాటికి సగం ప్రపంచం మీ మెట్ల మీద క్యూలో ఉండేది."

ఆమెకి చెవులు వేడెక్కాయి. పాత లింక్ ఇచ్చిన కంపెనీ నుంచి తన రౌటర్ నేర్చుకున్న దారులన్నీ, తనవే అన్నట్టుగా కొత్త కంపెనీకి చెప్పేసింది. బయటికి ఏవి వెళ్ళాలో వడకట్టే ఫిల్టర్ రాసింది, చాలా శ్రద్ధగా రాసింది. మరి అది ఏమైంది?

ఏం ఎత్తిపొడుస్తాడో అని ఎదురు చూసింది. అతను ఏమీ అనలేదు.

"మీరు వెతకండి. నేను లైన్లోనే ఉంటాను," అన్నాడు. "తొందరేం లేదు. ఇక్కడ వాన పడుతోంది, చూస్తూ కూర్చుంటా."

ఆమె వెతికింది. లైన్లో అతని వైపు వాన చప్పుడు సన్నగా వినిపిస్తూనే ఉంది. కొంతసేపటికి దొరికింది. ఫిల్టర్ పేరు ఒకచోట అండర్‌స్కోర్ అనే అడుగు గీతతో రాసింది, ఇంకోచోట హైఫన్ అనే నడి గీతతో. రౌటర్‌కి అవి రెండూ వేర్వేరు. అసలు ఫిల్టర్ ఒక మూల పడుకుంది, ఇక్కడ తలుపు బార్లా తెరుచుకుంది.

"దొరికింది," అంది చిన్న గొంతుతో. "ఒక్క గీత."

"నాది ఒక్క సున్నా, మీది ఒక్క గీత. ఇంక మనిద్దరం ఒకరినొకరు ఏమీ అనుకోవడానికి లేదు."

ఈసారి సరిగ్గా నాలుగు దారులే వెళ్ళాయి. సాయంత్రం ఆమె ఆ ఫిర్యాదు టికెట్ తెరిచి చూస్తే, అతను రాసిన వాక్యం ఉంది: 'కారణాన్ని కస్టమర్ స్వయంగా కనిపెట్టి, ఏడు నిమిషాల్లో సరిచేశారు.'

ఆ రోజు నుంచీ ఉదయం పదింటికి ఒక ఫోన్ అలవాటైంది. మొదట్లో నిజంగానే పని ఉండేది. తర్వాత పని కొంచెం, మాటలు కొంచెం. ఆ తర్వాత పని ఏదో ఒకటి వెతుక్కోవాల్సి వచ్చేది.

"ఆ సెషన్ లేచి కూర్చుని వారం దాటిందిగా అమ్మలూ," అన్నాడు మాస్టారు ఒకరోజు. "ఇంకా రోజూ ఫోనెందుకు?"

"మానిటరింగ్ నాన్నా."

"ఓహో." ఆయన గడ్డం గోక్కున్నాడు. "మానిటరింగ్ ఫోన్‌కి అద్దంలో జుట్టు సవరించుకోవాలా?"

ఆమె జవాబు చెప్పకుండా అద్దం తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది.

*

పరీక్ష శనివారం. బుధవారం ఉదయం ఆమె అందరికీ ముందే చెప్పి, పాత లింక్‌ని రెండు నిమిషాలు కావాలనే పీకి చూసింది. ఇళ్ళన్నీ బాగానే నడిచాయి. ఆసుపత్రులూ నడిచాయి. కాలేజీ మాత్రం ఆగిపోయింది.

"నాలుగో బ్లాకుని మా ఫిల్టర్ రానివ్వట్లేదు," అన్నాడు ఏడో డెస్క్, లాగ్ చూసి. "అడ్రసులు నమోదయ్యే రిజిస్ట్రీలో అది మీ కంపెనీ పేరు మీద లేదు. ఏదో కేబుల్ టీవీ సంస్థ పేరు మీద ఉంది."

"అది మా నాన్న పాత సంస్థే! కాలేజీ ఉన్నదే ఆ బ్లాకు మీద."

"అయితే ఆయన సంతకంతో ఒక అనుమతి పత్రం కావాలి. స్కాన్ కాపీ పనికిరాదు. పేరు మారింది కాబట్టి అసలు కాగితమే కావాలంటుంది మా లీగల్ సెక్షన్."

"కొరియర్‌కి మూడు రోజులు పడుతుంది. పరీక్ష అయిపోతుంది!"

"ఒక్క నిమిషం," అన్నాడు. ఆ నిమిషం చాలా పొడుగ్గా ఉంది. "రేపు మా వాళ్ళు ఒకరు వచ్చి తీసుకుంటారు. కాగితం రెడీగా ఉంచండి."

గురువారం ఉదయం నుంచీ వాన. బస్సు దిగిన యువకుడొకడు గొడుగు వేసుకుని, చేతిలో అడ్రసు కాగితంతో ఆ వీధిలోకి వచ్చాడు. ఇంకో రెండు ఇళ్ళ అవతల ఆఫీసు ఉందనగా, పైనుంచి ఎవరో కేక వేశారు.

"బాబూ! నిన్నే, గొడుగు బాబూ! కాస్త ఈ నిచ్చెన పట్టుకో నాయనా, జారుతోంది!"

స్తంభం మీద రెయిన్‌కోటు తొడుక్కున్న ఒక పెద్దాయన. యువకుడు గొడుగు కింద పడేసి రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు.

"ఏం చేస్తుంటావ్ బాబూ?" పైనుంచి ప్రశ్న, వాన నీళ్ళతో సహా.

"నెట్‌వర్క్‌లో పనండీ."

"మా కుటుంబమే అయితే! స్తంభాలెక్కుతావా?"

"లేదండీ. కూర్చుని చేసే పని."

"అదీ సంగతి. నిచ్చెన వణుకుతుంటే గాలికనుకున్నా."

అరగంట గడిచింది. అతని చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, చేతులు తుప్పుతో ఎర్రబడ్డాయి. అప్పుడు ఆఫీసు మెట్లు దిగి ఒక అమ్మాయి పరుగున వచ్చింది.

"నాన్నా! కాగితం కోసం మనిషి వస్తాడు, ఇంట్లో ఉండండి అని చెప్తే ఈ వానలో స్తంభం ఎక్కారా? ఏవండీ, మీరెవరో గానీ, నిచ్చెన పట్టుకునేది అలా కాదు! కింది మెట్టు మీద కాలు వేసి తొక్కిపట్టాలి!"

ఆ గొంతుని అతను వెంటనే పోల్చుకున్నాడు. రెండు వారాలకి పైగా రోజూ పదింటికి విన్న గొంతు. దానికి ఇంత పెద్ద కళ్ళుంటాయని, వాన చినుకులు ఆ రెప్పల మీద నిలబడతాయని అతను ఊహించలేదు. ఏదో అనాలి. నోట్లోంచి వచ్చింది అలవాటైన మాటే.

"ఒక్క నిమిషం..."

ఆమె అక్కడికక్కడే ఆగిపోయింది. టై కట్టుకుని, పాపిడి తీసి, నవ్వని మొహంతో ఉంటాడనుకున్న మనిషి. ఎదురుగా ఉన్నవాడి జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది, ముక్కు చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"లాగ్ చూసి చెప్తారా?" అంది మెల్లగా.

అతను తల ఊపాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వేశారు. ఇద్దరూ ఒకేసారి నిచ్చెన సంగతి మరిచిపోయారు.

"అమ్మలూ! నేనింకా పైనే ఉన్నా!"

*

వేడి టీ తాగుతూ నిచ్చెన మాస్టారు ఆ పత్రం మొత్తం చదివాడు. కలం తీసి, అతని వైపు చూశాడు.

"ఈ సంతకం పెడితే మా పిల్లలు ఇక్కడే పరీక్ష రాస్తారా?"

"రాస్తారండీ."

"మాటేనా?"

"మాటే."

ఆయన సంతకం పెట్టాడు. అతను ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగులో బట్టల మధ్య దాచాడు. ఆమె బస్టాపు దాకా తోడు వెళ్ళింది. గొడుగు ఒకటే. అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడుస్తూనే ఉన్నాయి, అయినా ఇద్దరిలో ఎవరూ వేగంగా నడవలేదు.

"ఫోన్లో అంత మాట్లాడతారు, ఇప్పుడేంటి మౌనవ్రతం?" అంది ఆమె.

"మీకొకటి చెప్పాలి."

"చెప్పండి."

బస్సు వచ్చేసింది. అతను ఆమె వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు, బ్యాగుని గుండెకి హత్తుకున్నాడు. "ముందు ఈ కాగితం చేరాలి," అని ఎక్కేశాడు.

శుక్రవారం ఉదయం పదింటికి ఫోన్ మోగలేదు. ఉత్తరం వచ్చింది. 'నేటి నుంచి మీ ఫైలు డెస్క్ 7 పరిధిలో ఉండదు. ఇకపై సెక్షన్ హెడ్‌ని సంప్రదించండి.'

ఆమె నంబర్ కలిపింది. ఒక పెద్దావిడ గొంతు, కత్తెరతో కత్తిరించినట్టు స్పష్టంగా పలికింది.

"ఏడో డెస్క్ ఎక్కడండీ?"

"మీ ఫైలు నుంచి తప్పుకున్నారు."

"ఎవరు తప్పించారు?"

"ఎవరూ కాదు. తనే అడిగి తప్పుకున్నారు."

"ఎందుకు?"

"అది ఇప్పుడు నేను చెప్పకూడదు. మీ పత్రం నా ముందుంది. నేనే చదువుతాను. సరిగ్గా ఉంటే సాయంత్రం అయిదు లోపు ఫిల్టర్ మారుతుంది. ఉంటాను."

ఆమె ఫోన్ పెట్టేసింది. మాటిచ్చి, కాగితం పట్టుకెళ్ళి, చేతులు దులుపుకున్నాడు. తనతో మాటైనా చెప్పలేదు. వానలో తడిసిన మొహం చూసి ఏమేమో ఊహించుకుంది, తనకి బుద్ధుండాలి. సొరుగు తెరిస్తే అద్దం కనిపించింది. ధడాలున మూసేసింది.

అయిదుకి పది నిమిషాలుండగా ఫిల్టర్ మారింది. కానీ అప్పటికే పరీక్ష అధికారులు కాలేజీ ల్యాబులకి సీలు వేసేశారు. ఒకసారి పీకి చూసే అవకాశం ఇక లేదు.

*

శనివారం పదింటికి పరీక్ష మొదలైంది. ఆరువందల నలభై స్క్రీన్లు వెలిగాయి. ఆమె కాలేజీ సర్వర్ రూములో ఒక్కతే కూర్చుంది. ముందున్న స్క్రీన్ మీద రెండు గీతలు: పాత లింక్ గీత కొండలా పైకి లేచి ఉంది, కొత్త లింక్ గీత నేలకి ఆనుకుని ఉంది.

పదీ యాభై రెండుకి పాత లింక్ గీత ఒక్కసారిగా నేలకూలింది.

తెగింది. మళ్ళీ రోడ్డు యంత్రమే. చెయ్యాల్సింది ఇంకేమీ లేదు. చేసినదంతా మూడు వారాలుగా చేసి పెట్టింది. ఇప్పుడు చూడ్డమే. అయిదు సెకన్లు. పది. రెండు గీతలూ నేల మీదే ఉన్నాయి. గోడ అవతల పెద్ద హాల్లో ఎవరైనా అరుస్తారేమోనని చెవులు రిక్కించింది. పదిహేను.

కొత్త గీత కదిలింది. కొంచెం లేచింది. ఇంకొంచెం. తర్వాత ఎవరో కింద నుంచి తోసినట్టు నిటారుగా పైకి లేచి, పాత గీత ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడికి వచ్చి నిలబడింది. నాలుగు దారులూ కొత్త సెషన్ మీద నడుస్తున్నాయి. నాలుగో బ్లాకుతో సహా.

ఆమె లేచి అద్దాల తలుపులోంచి హాల్లోకి చూసింది. ఒకమ్మాయి తలెత్తి స్క్రీన్ వంక అనుమానంగా చూసి, మళ్ళీ జవాబుల్లో పడిపోయింది. మిగతావాళ్ళు తలలే ఎత్తలేదు. మౌసుల టిక్కుటిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ప్రిన్సిపాల్ కంగారుగా వచ్చాడు. "ఏంటమ్మా అలా నిలబడ్డావ్? ఏమైంది?"

"ఏమీ కాలేదు సార్," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహమంతా నవ్వుతోంది. "ఏమీ కాలేదు!"

ఒంటిగంటకి పరీక్ష అయిపోయింది. పిల్లలు కేకలు వేసుకుంటూ వరండాల్లోకి వచ్చిపడ్డారు. అప్పుడే ఆమె ఫోన్ మోగింది. నిన్నటి కత్తెర గొంతు, కానీ ఇవాళ కొంచెం మెత్తగా ఉంది.

"అంతా మా వైపు కనిపిస్తోందమ్మా. చాలా చక్కగా చేశావ్. నిన్న ఫైలు తేలలేదు కాబట్టి చెప్పలేదు, ఇవాళ చెప్తా. ఏడో డెస్క్ ఎందుకు తప్పుకున్నాడో తెలియాలా?"

"చెప్పండి మేడం."

"నిన్న పొద్దున్నే తడి బూట్లతో నా గదిలోకి వచ్చాడు. 'మేడం, ఈ కస్టమర్ అంటే నాకు ఇష్టం. అందుకని ఈ కాగితానికి ఆమోదం నా చేత్తో పడకూడదు. రేపు ఎవరూ ఆవిణ్ణి వేలెత్తి చూపకూడదు. మీరు చదివి, సరిగ్గా ఉంటేనే ఇవ్వండి,' అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా ముందుకొచ్చి అలా చెప్పినవాడు వాడొక్కడే."

ఆమె గోడకి ఆనుకుంది. "ఇప్పుడెక్కడున్నారు?"

"సెలవు పెట్టాడు. ఎక్కడికని నేనడగలేదు. నువ్వూ నన్నడగకు."

*

తీగ తెగింది ఊరి శివారులో. అది తమ సొంత ముక్కే కాబట్టి నిచ్చెన మాస్టారు పదకొండింటికే అక్కడికి వెళ్ళి అతుకు వేస్తున్నాడు. ఆమె స్కూటర్ వేసుకుని వానలో అక్కడికి బయల్దేరింది. తవ్వేసిన రోడ్డు పక్కన బస్సొకటి ఆగిపోయి ఉంది. గోతిలో ముక్కాలి పీట మీద నాన్న, ఆయన ఒళ్ళో ఫైబర్ అతికే మెషీన్. ఆ మెషీన్ మీద గొడుగు పట్టుకుని, తను మాత్రం మోకాళ్ళ దాకా బురదలో, నిలువునా తడుస్తూ...

"మీరిక్కడేం చేస్తున్నారు?" అంది ఆమె.

అతను తల తిప్పబోయాడు.

"కదలకు బాబూ!" మాస్టారు తల ఎత్తకుండానే గద్దించాడు. "వెంట్రుకంత ఉంది ఈ ఫైబరు. ఒక్క చుక్క పడిందంటే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి."

అతను గోతి గోడకేసి చూస్తూనే జవాబిచ్చాడు. "మీ ఊరికే వస్తున్నానండీ. బస్సు ఇక్కడ ఇరుక్కుంది. దిగి చూస్తే మీ నాన్నగారు."

"పరీక్ష బాగా జరిగింది. ఒక్కరికి కూడా తెలియలేదు."

"నాకు తెలుసు," అన్నాడు. వీపు వైపు నుంచి చూసినా అతను నవ్వుతున్నాడని తెలుస్తోంది. "బాగా జరగకపోతే మీరు ఇంత నెమ్మదిగా మాట్లాడరు."

"మీ మేడం నాకంతా చెప్పారు."

గొడుగు ఊగింది.

"కదలకన్నానా!"

"నాకొకటి చెప్పాలన్నారు మొన్న," ఆమె గోతి అంచు దాకా వచ్చి నిలబడింది. "చెప్పండి."

"మీ నాన్నగారు ఇక్కడే..."

"నాకీ వాన హోరులో ఏమీ వినపడదు," అన్నాడు మాస్టారు.

అతను గొంతు సవరించుకున్నాడు. "అంటే... మనిద్దరి మధ్య సెషన్ మొదలైన రోజు నుంచీ..."

"ఆగండి! రౌటింగ్ భాషలో చెప్పారంటే ఇప్పుడే స్కూటరెక్కి వెళ్ళిపోతా. సెషన్, లింక్, ఫిల్టర్, ఒక్క మాట వినపడకూడదు. మామూలు తెలుగులో చెప్పండి."

అతను గొడుగు కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. ఈసారి గొడుగు కదల్లేదు.

"మీరంటే నాకిష్టం," అన్నాడు. "పొద్దున్నే మీతో మాట్లాడకపోతే ఆ రోజు నాకు రోజులా ఉండదు. నిన్న అలా గడిచింది, మళ్ళీ అలాంటిది నాకొద్దు. మీరొప్పుకుంటే మనం పెళ్ళి చేసుకుందాం."

తెలుగు ఇంత తేలిగ్గా ఉంటుందని, ఇంత తిన్నగా వచ్చి తగులుతుందని ఆమె అనుకోలేదు.

"తప్పు మీదైతే పదిమందికీ కాపీ పెట్టి మరీ ఒప్పుకున్నారు," అంది. "ఇష్టం కలిగితే అదీ వెళ్ళి పై అధికారికి చెప్పుకున్నారు. నాకొక్కదానికే ఆఖర్న చెప్పారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. అయినా ఒప్పుకుంటున్నా. నాకూ మీరంటే ఇష్టమే. ఎప్పట్నుంచో."

మెషీన్ కీచుమని కూత పెట్టింది. అతుకు కుదిరింది. మాస్టారు మూత వేసి, చేతులు తుడుచుకుని, లేచి నడుం సాగదీశాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరున్నారు బాబూ?"

"అక్కా, బావా ఉన్నారండీ. అమ్మా నాన్నా లేరు."

"అక్క నంబరు చెప్పు."

"నాన్నా!" ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "వాన హోరులో ఏమీ వినపడదన్నారు?"

"వాన ఆగి రెండు నిమిషాలైందమ్మా," అన్నాడు ఆయన. "మీ ఇద్దరికే తెలీలేదు."

నిజమే. ఆకాశం తేటబడుతోంది. అతనింకా మూసిన మెషీన్ మీద గొడుగు పట్టుకునే ఉన్నాడు. మాస్టారు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు. విషయం రెండు ముక్కల్లో చెప్పాడు. అవతల నుంచి అక్క పెట్టిన కేకకి ఆగిన బస్సులోవాళ్ళు కూడా కిటికీల్లోంచి తొంగి చూశారు.

"పొద్దున మూడు చొక్కాలు మార్చాడండీ! ఎక్కడికిరా అంటే సైటు చూడ్డానికన్నాడు. నాకప్పుడే అనుమానం వచ్చింది. అమ్మాయి ఏదీ? ఫోన్ అమ్మాయికివ్వండి బాబాయిగారూ! అమ్మా, మావాడు మంచివాడే, కాకపోతే కాస్త చాదస్తం. నీకు ఫరవాలేదా?"

"ఫరవాలేదు వదినా," అంది ఆమె. ఆ పిలుపుకి అవతల అక్క ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

కాలేజీ వైపు నుంచి పిల్లల బస్సులు వరసగా వస్తున్నాయి. కిటికీల్లోంచి చేతులూ కేకలూ బయటికి పొంగుతున్నాయి. ఎవరు ఎవరికి ఊపుతున్నారో తెలియదు, ఆమె అందరికీ చేయి ఊపింది. తర్వాత ఒంగి, గోతిలోకి ఆ చేయి అందించింది. అతను గొడుగు మాస్టారుకిచ్చి, బురద చేతిని ప్యాంటుకి గట్టిగా రెండుసార్లు తుడుచుకుని, ఆమె చేయి పట్టుకుని పైకెక్కాడు.

ఎక్కాక కూడా వదల్లేదు.